పంతొమ్మిదో లెవెల్ కత్తి ఎవరి కోసం?

ఆన్‌లైన్ గేముల్లో డబ్బు గురించి ఎవరైనా రాస్తే చూపంతా రెండు కొసల మీదే ఉంటుంది. ఒక కొసన, నిజం డాలర్లు పలికే అపురూపమైన ఆయుధాలు. రెండో కొసన, ఉత్త చేతులతో ఆటలోకి దిగిన కొత్తవాడు. మధ్యలో ఏముందో ఎవరికీ పట్టదు. అక్కడున్నవి మామూలు కత్తులు, మామూలు తోలు చొక్కాలు. రెండు సాయంత్రాలు వాడి, లెవెల్ పెరగ్గానే పారేసే సరుకు.

చిత్రమేమిటంటే, ఆటల్లో ధరల లెక్క ఎక్కువగా తప్పేది ఈ మధ్యలోనే. 2005, 2006 ప్రాంతాల్లో వర్ల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆడినవాళ్ళకి ఈ అనుభవం తెలుసు. పంతొమ్మిదో లెవెల్‌కి వచ్చారు. ఆటలో మీరు పుట్టినప్పట్నుంచీ కూడబెట్టినదంతా కలిపితే నాలుగైదు గోల్డ్ ఉంటుందేమో. ఊళ్ళో ఆక్షన్ హౌస్ తెరిచి చూస్తే, మీ లెవెల్‌కి సరిపోయే మంచి కత్తి ఒకటి కనిపిస్తుంది. దాని ధర, మీరు ఇప్పటిదాకా సంపాదించిన దానికి ఎన్నో రెట్లు. మీ సంపాదనకి అందని ధరకి మీ లెవెల్ కత్తిని ఎవరు అమ్ముతున్నారు, ఎవరు కొంటున్నారు?

అమ్మేవాడి అత్యాశ అని తేలిగ్గా అనేయొచ్చు. కానీ ఎవడూ కొనకపోతే అత్యాశ రెండ్రోజుల్లో తగ్గుతుంది. ఆ ధర ఏళ్ళ తరబడి నిలిచిందంటే కొనేవాళ్ళు ఉన్నట్టే. వాళ్ళెవరో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

బొమ్మలు అమ్మిన యంత్రం

1986లో లూకస్‌ఫిల్మ్ వాళ్ళు కొమడోర్ 64 కంప్యూటర్ల కోసం హ్యాబిటాట్ అనే ఆన్‌లైన్ లోకాన్ని పరీక్షకి పెట్టారు. మనుషుల బొమ్మలు తెర మీద తిరుగుతూ మాట్లాడుకునే లోకాల్లో అది మొదటి తరానిది. అందులో టోకెన్లనే డబ్బు, సరుకులమ్మే యంత్రాలు, పాత సరుకు కొనే యంత్రాలు ఉండేవి. ఊళ్ళో ఒక మూల యంత్రం ఒక బొమ్మని 75 టోకెన్లకి అమ్ముతుంటే, ఇంకో మూల యంత్రం అదే బొమ్మని 100కి కొనేది. స్ఫటిక గోళాల దగ్గర తేడా ఇంకా పెద్దది. 18,000కి కొని 30,000కి అమ్మొచ్చు. ఇది కనిపెట్టిన కొందరు రాత్రంతా అటూ ఇటూ తిరిగారు. తెల్లారేసరికి ఆ లోకంలో చెలామణీలో ఉన్న డబ్బు అయిదు రెట్లయింది. నిర్మాతలు చిప్ మార్నింగ్‌స్టార్, రాండల్ ఫార్మర్ తర్వాత ఒక వ్యాసంలో ఈ కథంతా చెప్పుకున్నారు.

ప్రోగ్రామర్‌గా నాకు ఇది చాలా తెలిసిన రకం బగ్. రెండు టేబుళ్ళలో రెండు ధరలు, వాటిని పోల్చి చూసే చెక్ ఎక్కడా లేదు. కానీ ఇందులో బగ్‌ని మించిన విషయం ఒకటుంది. ఈ లోకాల్లో డబ్బు శూన్యంలోంచి పుడుతుంది. రాక్షసుణ్ణి చంపితే నాణేలు, పని చేసి పెడితే నాణేలు. ఎవరి జేబులోంచీ రావు, సర్వర్ అచ్చేస్తుంది. డిజైనర్లు దీన్ని కుళాయి అంటారు. మరమ్మతులకీ గుర్రాలకీ ఫీజులకీ కట్టే డబ్బు మాయమైపోతుంది, దాన్ని తూము అంటారు. కుళాయి ఎక్కువై తూము తక్కువైతే తొట్టి పొర్లుతుంది. అదే ద్రవ్యోల్బణం.

1997 సెప్టెంబర్‌లో విడుదలైన అల్టిమా ఆన్‌లైన్ డిజైనర్లు కుళాయే లేకుండా చేద్దామనుకున్నారు. లోకంలో ఇనుమూ ఉన్నీ బంగారం ఇంత అని ఒక లెక్క. వాడిన వస్తువు అరిగిపోతే ఆ ఇనుము మళ్ళీ గనిలో పుట్టాలి. కాగితం మీద అందమైన ఏర్పాటు. కానీ మనుషులు వస్తువుల్ని అరగదీయలేదు, దాచుకున్నారు. చొక్కాలూ కత్తులూ ఇళ్ళ నిండా కుప్పలు పోశారు. తిరిగి పుట్టాల్సిన ఇనుము పెట్టెల్లో ఉండిపోయింది. ఆ మూసిన చక్రాన్ని డిజైనర్లు తొందర్లోనే వదిలేయాల్సి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన పెద్ద ఆటలు చాలావరకు కుళాయి, తూము పద్ధతినే పట్టుకున్నాయి.

సొరంగంలో సంత

1999 మార్చిలో ఎవర్‌క్వెస్ట్ వచ్చింది. మొదట్లో అందులో అంగడి అంటూ ఏర్పాటు లేదు. చాలా సర్వర్లలో ఆటగాళ్ళే ఈస్ట్ కామన్‌ల్యాండ్స్ అనే చోట ఒక సొరంగంలో చేరి సంత పెట్టుకున్నారు. గంటల తరబడి నిలబడి, అమ్ముతానని ఒకడు, కొంటానని ఇంకొకడు కీబోర్డు మీద కేకలు వేసేవాళ్ళు. 2001 డిసెంబర్‌లో కంపెనీ బజార్ అనే చోటు కట్టించేదాకా మన వారపు సంతలాగే నడిచింది.

ఆ సంతని ఒక ఆర్థికశాస్త్ర ఆచార్యుడు సీరియస్‌గా తీసుకున్నాడు. ఎడ్వర్డ్ కాస్ట్రొనోవా 2001 చివర్లో రాసిన పత్రంలో, ఆటలోని వస్తువులు బయట వేలంలో పలికే ధరల్ని బట్టి ఆ లోకపు తలసరి ఉత్పత్తిని లెక్కగట్టాడు. 2,266 డాలర్లు తేలింది. దేశాల వరసలో పెడితే రష్యాకీ బల్గేరియాకీ మధ్య. గంటకి సగటు సంపాదన 3.42 డాలర్లు. లేని దేశానికి ఇంత జీడీపీయా అని అందరూ ఆశ్చర్యపోయారు. కానీ సగటు అనేది పై లెవెల్‌వాడినీ పదో లెవెల్‌వాడినీ కలిపి ఒకే గీత గీస్తుంది. సొరంగంలో నిలబడ్డ ఇద్దరూ ఒకే నాణెంతో కొంటున్నారు, కానీ వాళ్ళ గంటలు ఒకే విలువవి కావు.

ఆ తేడా మధ్య లెవెల్ సరుకు మీద పడింది. ఎవర్‌క్వెస్ట్‌లో ఫంగస్ కవర్డ్ స్కేల్ ట్యూనిక్ అని ఒక చొక్కా ఉండేది. ముద్దుగా ఫంగీ. వేసుకున్నవాడి గాయాలు వాటంతటవే వేగంగా మానతాయి. ఒకటో లెవెల్‌వాడు కూడా దాన్ని వేసుకోవచ్చు. పై లెవెల్‌కి చేరినవాళ్ళు రెండో పాత్ర మొదలుపెట్టి, దానికి ఈ చొక్కా తొడిగి వదిలేవాళ్ళు. తాత ఆస్తితో పుట్టిన పిల్లాడిలాగ ఆ పాత్ర చిన్న లెవెల్స్‌ని అవలీలగా దాటేసేది. ఈ అలవాటుకి ట్వింకింగ్ అని పేరు.

కొత్తవాడు బతకడానికి కొనే వస్తువుని, పాతవాడు సరదాగా ఇంకోసారి మొదలుపెట్టడానికి కొంటున్నాడు. ధర సరదా జేబుని బట్టి తేలుతుంది.

అయినా ఎవర్‌క్వెస్ట్‌లో కొత్తవాడికి ఒక దారి మిగిలింది. అక్కడ చాలా వస్తువులు చేతులు మారుతూనే ఉండేవి. ఒకడు వాడి అమ్మేస్తే ఇంకొకడు, వాడి తర్వాత మరొకడు. సర్వర్లో సరుకు పేరుకుపోయేకొద్దీ, కొత్త ఎక్స్‌పాన్షన్లలో మెరుగైనవి దిగేకొద్దీ పాతవాటి ధర పడిపోయేది. అంతకుముందు అక్షరాలతోనే నడిచిన మడ్ ఆటల కాలం నుంచీ దీనికి మడ్‌ఫ్లేషన్ అని పేరుంది. డిజైనర్లకి అది జబ్బు. కొత్తగా చేరినవాడికి మాత్రం అదే సెకండ్ హ్యాండ్ మార్కెట్. కోఠీలో పాత పుస్తకాల షాపులే లేకపోతే మా క్లాసులో సగంమంది ఇంజనీరింగ్ జిరాక్స్ కాయితాలతో గట్టెక్కేవాళ్ళు. వాడేసిన సరుకు చవగ్గా కిందికి దిగడమే కిందివాడికి మార్కెట్ చేసే మేలు.

ఎంగిలి పడ్డ కత్తి

2004 నవంబర్‌లో వచ్చిన వర్ల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆ జబ్బుకి మందు వేసింది. మంచి వస్తువుల్లో కొన్ని దొరకగానే, మిగతావి తొడుక్కోగానే ఆ పాత్రకే అంటుకుపోతాయి. ఇక ఎవరికీ అమ్మడానికి లేదు, ఇవ్వడానికీ లేదు. మన మాటలో చెప్పాలంటే ఎంగిలి పడ్డట్టు. సరుకు పేరుకుపోదు, మడ్‌ఫ్లేషన్ అదుపులో ఉంటుంది. డిజైన్‌గా చాలా శుభ్రమైన పరిష్కారం, దాని తర్వాత చాలా ఆటలు ఇదే పద్ధతి పట్టుకున్నాయి.

దాని ఖర్చు మధ్యలో పడింది. ఆక్షన్ హౌస్‌లోకి వచ్చే ప్రతి కత్తీ కొత్తదే అయ్యుండాలి. ఎవరో ఆ లెవెల్ గుహల్లోకి వెళ్ళి తేవాలి. ఆట మొదలైన తొలి నెలల్లో అందరూ ఆ లెవెల్స్‌లోనే ఉన్నారు కాబట్టి సరుక్కి కొదవ లేదు. ఏడాది తిరిగేసరికి జనమంతా అరవయ్యో లెవెల్‌కి చేరారు. మధ్య ప్రాంతాలు ఖాళీ. ముప్ఫయ్యో లెవెల్ సరుకు తెచ్చేవాడు లేడు, ఎందుకంటే అదే గంట పై లెవెల్‌లో వేటాడితే ఎన్నో రెట్లు వస్తుంది.

సరిగ్గా అప్పుడే కొనుగోలు పెరిగింది. 2005 వేసవిలో బ్యాటిల్‌గ్రౌండ్స్ వచ్చాయి. ఆటగాళ్ళు జట్లుగా ఒకరితో ఒకరు కొట్టుకునే మైదానాలు ఇవి. వీటిలో లెవెల్స్‌ని గుంపులు చేశారు. 10 నుంచి 19 వరకు ఒక గుంపు. అందులో గెలవాలంటే పంతొమ్మిది దగ్గరే ఆగిపోవాలి. అనుభవజ్ఞులు రెండో పాత్రని అక్కడే ఆపేసి, ఆ లెవెల్‌కి దొరికే అత్యుత్తమ సరుకు తొడిగి, కత్తి మీద అరవయ్యో లెవెల్ మంత్రాలు చెక్కించేవాళ్ళు. షాడోఫాంగ్ అనే కత్తికీ, అసాసిన్స్ బ్లేడ్ అనే బాకుకీ గిరాకీ అలా వచ్చింది. కొత్తవాడికి ఆ కత్తి దారిలో ఒక మెట్టు. ట్వింక్‌కి అదే గమ్యం. గమ్యం కోసం పెట్టే ఖర్చుతో మెట్టు కోసం పెట్టే ఖర్చు పోటీ పడలేదు.

ఇక కుళాయి సంగతి. తొలి రోజుల్లో నలభయ్యో లెవెల్‌లో మొదటి గుర్రం కొనడానికి, స్వారీ నేర్చుకోవడంతో కలిపి, దాదాపు 100 గోల్డ్ అయ్యేది. చాలామంది నలభైకి చేరాక కూడా ఆ డబ్బు పోగయ్యేదాకా కాలినడకన తిరిగేవాళ్ళు. 2007 జనవరిలో బర్నింగ్ క్రూసేడ్ వచ్చి పై లెవెల్ 70 అయింది. ఆ మే నెలలో రోజూ చేసుకోగల డైలీ క్వెస్టులు పెట్టారు. డెబ్భయ్యో లెవెల్‌వాడికి ఒక్కోదానికి సుమారు 10, 12 గోల్డ్. మొదట్లో రోజుకి పది దాకా చెయ్యొచ్చు. అంటే ఒకడు వారాలపాటు కూడబెట్టిన గుర్రం ఖరీదు, ఇంకొకడికి ఒక్క సాయంత్రం పని. ఇద్దరూ ఒకే ఆక్షన్ హౌస్‌లో ఒకే కత్తికి పాట పాడుతున్నారు.

ఊళ్ళో పొలం ధరలు చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. సిటీకి దగ్గరగా ఉన్న చోట ఎకరం రేటుకీ, ఆ ఎకరంలో పండే పంటకీ లంకె ఎప్పుడో తెగిపోయింది. వరి వేసి ఎన్ని తరాలు గడిచినా ఆ రేటు రాదు. కొనేవాడు వరి కోసం కొనట్లేదు, వాడి సంపాదన అక్కడిది కాదు. హైటెక్ సిటీ జీతమో డాలర్ జీతమో తెచ్చి ఇక్కడ ఖర్చు పెడతాడు. మోసం ఎవరూ చేయక్కర్లేదు. వేరే చోట సంపాదించినవాడు ఇక్కడ కొనడం మొదలుపెడితే చాలు, ఇక్కడే సంపాదించి ఇక్కడే కొనాల్సినవాడు తప్పుకోవాల్సి వస్తుంది.

1755లో అచ్చయిన రిచర్డ్ కాంటిల్లాన్ పుస్తకంలో ఈ ఆలోచన ఉంది. కొత్త డబ్బు దేశమంతా ఒకేసారి వానలా కురవదు, ఎక్కడో ఒకచోట మొదలై పాకుతుంది అంటాడాయన. గనిలోంచి బంగారం తీస్తే ముందు గని యజమానులూ వాళ్ళ చుట్టుపక్కలవాళ్ళూ ఖర్చు పెడతారు, అక్కడ్నుంచి ధరలు పెరుగుతూ పోతాయి. స్థిరమైన ఆదాయం ఉన్నవాళ్ళకి డబ్బు కంటే ముందు ధరలే చేరతాయి. వర్ల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో గని డెబ్భయ్యో లెవెల్‌లో ఉంది. ఇరవయ్యో లెవెల్‌వాడికి క్వెస్టు ఇచ్చే వెండి నాణేల సంఖ్య డిజైనర్ 2004లో రాసిపెట్టినట్టే ఉంది. వాడి జీతం కోడ్‌లో ఉంది. ధర మాత్రం మార్కెట్లో ఉంది.

దీనికి పైన అసలు డాలర్ కూడా ఉంది. గోల్డ్ తవ్వి అమ్మే దుకాణాలు చైనాలో వెలిశాయి. 2007లో జూలియన్ డిబెల్ న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో రాసిన కథనంలో, పన్నెండు గంటల షిఫ్టుల్లో రాక్షసుల్ని చంపే కుర్రాళ్ళు కనిపిస్తారు. గంటకి వాళ్ళకి దక్కేది ముప్ఫై సెంట్ల దరిదాపుల్లో. వాళ్ళ గోల్డ్ కొన్నవాడు, తన అసలు ఉద్యోగం జీతాన్ని ఆటలోకి తెచ్చుకుంటున్నాడు. అదీ వేరే చోట సంపాదించిన డబ్బే.

రాగి తవ్వినవాడు

ఈ కథని ఇక్కడే ఆపేస్తే కొత్తవాడు ఉత్త బాధితుడిలా కనిపిస్తాడు. అది పూర్తి నిజం కాదు.

పై లెవెల్‌వాళ్ళకి కావాల్సింది కత్తులే కాదు. కమ్మరం, కుట్టుపని లాంటి వృత్తులు మొదట్నుంచీ నేర్చుకోవాలంటే రాగి, ఇనుము, ఉన్ని గుడ్డ కావాలి. అవి చిన్న ప్రాంతాల్లోనే దొరుకుతాయి. అక్కడికి వెళ్ళి తవ్వే ఓపిక ధనవంతుడికి లేదు. 2008 నవంబర్‌లో డెత్ నైట్ అనే పాత్రని పెట్టారు. అది పుట్టడమే 55వ లెవెల్‌లో పుడుతుంది, కానీ వృత్తుల్లో అ ఆ ల దగ్గరుంటుంది. ఆ దెబ్బకి రాగికీ ఇనుముకీ గిరాకీ మరింత పెరిగింది. చిన్న లెవెల్ ముడిసరుకు పెద్ద లెవెల్ ముడిసరుకు కంటే ఎక్కువ పలికిన రోజులున్నాయి. గనిపని నేర్చుకుని, తవ్విన రాగిని వాడకుండా అమ్ముకున్న కొత్తవాడు, క్వెస్టులు ఎన్ని చేసినా రాని డబ్బు కళ్ళజూశాడు.

అంటే ఆ మార్కెట్ కొత్తవాణ్ణి గెంటేయలేదు. పని మార్చుకోమంది. సాహసాలు చేద్దామని వచ్చినవాణ్ణి, సాహసాలు చేసేవాళ్ళకి సరుకు మోసేవాడిగా మార్చింది. పొలం అమ్ముకున్న రైతు బాగుపడ్డాడు, కౌలుకి దున్నుకుందామనుకున్నవాడే నష్టపోయాడు. ఈ బేరం కొందరికి నచ్చింది కూడా. ఆక్షన్ హౌస్ ముందు కూర్చుని కొని అమ్మడమే ఆటగా ఆడినవాళ్ళు ఎంతోమంది. కానీ అట్ట మీద డ్రాగన్ బొమ్మ చూసి ఆట కొన్నవాడికి, రాగి తవ్వితే తప్ప కత్తి రాదని ఎవరూ చెప్పలేదు.

ధరలు కట్టేస్తే, ధరలు పడిపోతే

మరి కంపెనీలు చూస్తూ ఊరుకున్నాయా? లేదు. ఒక్కొక్కరూ ఒక్కో మందు వేశారు.

రూన్‌స్కేప్ ధరల్ని కట్టేసింది. 2007 నవంబర్‌లో గ్రాండ్ ఎక్స్ఛేంజ్ అనే కేంద్ర అంగడి తెరిచారు. ప్రతి వస్తువుకీ ఒక సూచిక ధర, దానికి అయిదు శాతం అటూ ఇటూ మాత్రమే కొనాలి, అమ్మాలి. గోల్డ్ అమ్మకాలు ఆపడానికి ఆ శీతాకాలంలోనే ఆటగాళ్ళ మధ్య నేరుగా జరిగే ఎచ్చుతగ్గు బేరాల్నీ నిషేధించారు. ఏం జరిగిందో లైసెన్స్ రాజ్ చూసిన దేశానికి చెప్పక్కర్లేదు. అసలు ధర సూచిక కంటే ఎక్కువున్న వస్తువు కావాలంటే, దాంతోపాటు ఎవరికీ అక్కర్లేని చెత్తని కూడా కలిపి లెక్క సరిచేసుకునే పద్ధతి వచ్చింది. చెత్త బేరమనే దానికి పేరు. 2011 ఫిబ్రవరిలో పాత స్వేచ్ఛ తిరిగిచ్చేశారు.

డయాబ్లో 3లో సరిగ్గా తిరగబడింది. 2012 మేలో విడుదలైన ఈ ఆటలో వస్తువులు ఎంగిలి పడవు. ఒక్కో ప్రాంతంలో లక్షలమంది ఒకే వేలంలో కలుస్తారు. పైగా అసలు డబ్బుతో కొనే వేలం కూడా పెట్టారు. మధ్య లెవెల్ సరుకు కుప్పలు తెప్పలుగా వచ్చిపడింది, ధరలు నేలకంటాయి. చిల్లర డబ్బులతో ఒళ్ళంతా మంచి సరుకు తొడుక్కోవచ్చు. కొత్తవాడు సంతోషించాలి కదా? కానీ రాక్షసుణ్ణి చంపితే పడే కత్తి కంటే వేలంలో దొరికే కత్తి ఎప్పుడూ మెరుగ్గా, చవగ్గా ఉంటే, చంపడం ఎందుకు? వేట మీద బతికే ఆటలో వేటకి విలువ లేకుండా పోయింది. 2014 మార్చి 18న వేలాల్ని మొత్తంగా మూసేశారు.

ఈ రెండూ పక్కపక్కన పెడితే, ధర ఎక్కువా తక్కువా అన్నది అసలు ప్రశ్న కాదని తెలుస్తుంది. ఇరవయ్యో లెవెల్‌వాడు ఒక సాయంత్రం చేసిన పనికీ, ఇరవయ్యో లెవెల్ కత్తికీ మధ్య ఏదైనా లెక్క ఉందా అన్నది ప్రశ్న. వార్‌క్రాఫ్ట్‌లో ఆ పని చాలదు. డయాబ్లోలో ఆ పనే అక్కర్లేదు. రెండు చోట్లా వాడి సాయంత్రం వృథా.

ఖాళీ అయిన మధ్య

వార్‌క్రాఫ్ట్ నిర్మాతలు చివరికి మార్కెట్ జోలికి పోకుండా, అందులోంచి కొనేవాళ్ళని పక్కకి తప్పించారు. 2008 చివర్లో హేర్‌లూమ్స్ పెట్టారు. పేరుకి తగ్గట్టు వారసత్వపు సొత్తు. పై లెవెల్‌వాడు కొని తన చిన్న పాత్రకి పంపొచ్చు, లెవెల్‌తోపాటు అదీ పెరుగుతుంది. దాంతో ధనవంతుడి రెండో పాత్రకి ఆక్షన్ హౌస్‌తో పని తగ్గింది. 2009 ఆగస్టులో 10 గోల్డ్ కడితే లెవెల్ పెరగకుండా ఆపుకునే వీలిచ్చారు. అలా ఆపుకున్నవాళ్ళు బ్యాటిల్‌గ్రౌండ్స్‌లో వాళ్ళలో వాళ్ళే కొట్టుకోవాలి. ట్వింక్ మైదానాలు చాలాచోట్ల వెలవెలబోయాయి. సమానులతో పోటీ కోసం ఎంతమంది వచ్చారో, కొత్తవాళ్ళని కొట్టడానికి ఎంతమంది వచ్చారో అప్పుడు బయటపడింది.

మందు పనిచేసింది. కానీ మధ్య లెవెల్స్ ఊళ్ళుగా మిగల్లేదు, బైపాస్ రోడ్డయ్యాయి. 2007 నవంబర్ నుంచే ఇరవైకీ అరవైకీ మధ్య ప్రయాణం వేగం పెంచుతూ వచ్చారు. వారసత్వపు సొత్తు వేసుకున్నవాడు వాటిని అసలు చూడకుండా దాటేస్తాడు. 2015 ఏప్రిల్‌లో కంపెనీయే డాలర్లకీ గోల్డ్‌కీ మధ్య అధికారిక మారకం పెట్టింది. టోకెన్ 20 డాలర్లు, అమెరికాలో తొలిరోజు ధర 30,000 గోల్డ్. ఆ లెక్కన ఒకప్పటి 100 గోల్డ్ గుర్రం ఏడు సెంట్లు కూడా చేయదు.

2023 నవంబర్‌లో పాత ఆటకి సీజన్ ఆఫ్ డిస్కవరీ అనే కొత్త రూపం తెచ్చారు. అందులో మొదటి దశలో పై హద్దు 25వ లెవెల్. ఎంత పాతవాడైనా, ఎంత గొప్పవాడైనా ఆ దశలో పాతిక దాటి పోలేడు. ఇన్నేళ్ళూ దారిలో తొక్కుకుపోయిన బ్లాక్‌ఫాథమ్ డీప్స్ గుహ, ఆ కొన్ని వారాలు అందరి గమ్యమైంది. పంతొమ్మిదీ ఇరవయ్యో లెవెల్ ప్రాంతాల్లో మళ్ళీ జనం కనిపించారు. అక్కడి కత్తికి గిరాకీ అక్కడ తిరిగేవాళ్ళ నుంచే వచ్చింది, వాళ్ళ డబ్బు కూడా అక్కడ సంపాదించిందే. తర్వాతి దశలో హద్దు నలభైకి పెంచారు. జనం పైకి కదిలారు.